ఆరు బద్దల కానుక
క్యాట్‌స్కిల్ కొండల్లో వెదురు గాలపు కర్ర వెనుక ఉన్న కథ

న్యూయార్కు మహానగరం నుంచి వాయవ్య దిశగా సుమారు రెండు వందల కిలోమీటర్లు ప్రయాణిస్తే రాస్కో అనే చిన్న ఊరు వస్తుంది. చుట్టూ క్యాట్‌స్కిల్ కొండలు. మన హిమాలయాల ఔన్నత్యం గాని, నీలగిరుల నీలిమ గాని వీటికి లేవు. గుండ్రని శిఖరాలతో, దట్టమైన మేపుల్, హెమ్లాక్ వృక్షాలతో సాధువుగా కనిపించే కొండలివి. కాని వీటి మధ్య పారే ఏళ్ళకు అమెరికా దేశమంతటా పేరుంది. రాస్కో దగ్గర విల్లోవీమాక్ అనే ఏరు బీవర్‌కిల్ నదిలో కలుస్తుంది. ఆ సంగమం దగ్గరి మడుగు గాలమేసేవారికి ఒక తీర్థక్షేత్రం వంటిది. ఏటా ఏప్రిల్ 1న ట్రౌట్ చేపల వేట కాలం మొదలైనప్పుడు, నీటి అంచున ఇంకా మంచు కరగకముందే, నడుము లోతు నీటిలో నిలబడి తొలి గాలం వేయడం అక్కడి సంప్రదాయం.

ఈ ప్రాంతపు పేర్లు అనువాదకులను తికమక పెట్టేవి. 'బీవర్‌కిల్' అన్న మాటలో హత్య ఏమీ లేదు. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ వలస ఏర్పరచుకున్న డచ్చివారి భాషలో 'కిల్' అంటే ఏరు. నీటికుక్కను పోలి, చెట్లు కొరికి కట్టలు కట్టే బీవర్ అనే జంతువు పేరిట ఏర్పడిన ఏరు అది. పక్కనే మరో నది పేరు నెవర్‌సింక్. స్థానిక ఆదివాసుల మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. ఇంగ్లీషు చెవికి మాత్రం 'ఎన్నడూ మునగనిది' అని వినిపిస్తుంది. ఆ పేరే గల గ్రామం, న్యూయార్కు నగరానికి మంచినీరు అందించడానికి కట్టిన జలాశయం కింద 1953లో మునిగిపోయింది. అమెరికాలో పొడి ఈగతో గాలమేసే పద్ధతికి ఆద్యుడనిపించుకున్న థియొడోర్ గోర్డన్, 1915లో మరణించే వరకు, ఆ నది ఒడ్డునే జీవితం గడిపాడు. ఆయన వేటాడిన మడుగులు అనేకం ఈనాడు ఆ జలాశయం అడుగున ఉన్నాయి. శ్రీశైలం నీటిలో ఊళ్ళు పోగొట్టుకున్నవారికి ఈ కథ కొత్తగా తోచదు.

ఈ వ్యాసం చేపల గురించి కాదు, నదుల గురించీ కాదు. ఆ ఏటి గట్లపై ఉన్న ఇళ్ళలో, చలికాలపు రాత్రులలో, ఆత్మీయులకు కానుకగా ఇవ్వడానికి మనుషులు తయారుచేసే ఒక వస్తువు గురించి. అది వెదురుతో చేసిన గాలపు కర్ర.

ఎర బరువు లేని గాలం

మన చెరువు గట్టున కూర్చుని వానపామును కొక్కేనికి గుచ్చి, బెండు కదలిక కోసం ఎదురుచూసే గాలానికీ, ఈ గాలానికీ పోలిక తక్కువ. ఇక్కడి ఎర ఒక బూటకపు ఈగ. చిన్న కొక్కేనికి కోడి ఈకలు, దారపు పోగులు చుట్టి, నీటి మీద వాలే ఈగలా భ్రమింపజేస్తారు. దానికి బరువంటూ ఉండదు. విసరడానికి కావలసిన బరువు దారంలోనే ఉంటుంది. వేటగాడు కర్రను వెనక్కి ఊపితే దారం వెనక్కి చాచుకుంటుంది. దాని బరువుకు కర్ర విల్లులా వంగుతుంది. ముందుకు ఊపినప్పుడు ఆ వంపులో దాగిన శక్తి దారాన్ని బాణంలా ముందుకు పంపుతుంది. చివరన ఈగ, పండుటాకు రాలినంత మెత్తగా నీటిపై వాలాలి.

ఆ వాలడంలోని మెత్తదనమంతా కర్ర మీద ఆధారపడి ఉంటుంది. పిడి నుంచి కొస వరకు కర్ర ఏ క్రమంలో సన్నబడుతున్నదో, ఎక్కడ గట్టిగా నిలిచి ఎక్కడ వంగుతున్నదో, దానిని బట్టి విసురు మారుతుంది. కొలతల్లో కొద్దిపాటి తేడా వచ్చినా చేతికి తెలుస్తుంది. అందువల్ల గాలపు కర్ర తయారీ, వీణ చేసేవారి పని వలె, చెక్క పనికీ లెక్క పనికీ మధ్య నిలిచిన విద్య అయింది.

కలకత్తా నుంచి వెళ్ళిన వెదురు

బద్దలు అతికి గాలపు కర్ర చేయడంలో అమెరికాలో తొలి పేరు శామ్యూల్ ఫిలిప్‌ది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈస్టన్ పట్టణంలో తుపాకులు చేసే పనివాడు ఆయన. వయొలిన్లు కూడా చేసేవాడు. 1840ల నాటికే వెదురును నిలువునా చీల్చి, బద్దలను చెక్కి, తిరిగి ఒకటిగా అతికించి గాలపు కర్రల కొసలు చేయడం మొదలుపెట్టాడు. ఇంత శ్రమ ఎందుకంటే, వెదురు బలమంతా పైతోలును ఆనుకొని ఉన్న పీచులోనే ఉంటుంది. లోపలికి పోయినకొద్దీ పీచు పలచబడి మెత్తనవుతుంది. బోలు గొట్టాన్ని వదిలిపెట్టి, బలమున్న పైపొరను మాత్రమే తీసుకొని ముక్కోణపు బద్దలుగా చెక్కి, ఆరింటిని చుట్టూ చేర్చి అతికితే, నడుమ ఖాళీ లేని ఆరు పలకల కర్ర తయారవుతుంది. సన్నదనానికి సన్నదనం, బలానికి బలం.

ఆ తొలినాళ్ళలో అమెరికా పనివారు వాడిన వెదురు మన దేశానిదే. రేవు పేరును బట్టి దానిని 'కలకత్తా కర్ర' అని పిలిచేవారు. మన లాఠీలకు వాడే గట్టి వెదురు జాతే అది అని సాధారణంగా భావిస్తారు. ఆ కర్రలపై అక్కడక్కడ నిప్పుతో కాల్చిన మచ్చలు ఉండేవి. పురుగు పట్టకుండానో, వంకర తీయడానికో అలా కాల్చి ఉంటారని అక్కడివారు ఊహించుకున్నారు. మచ్చ పడినచోట పీచు చచ్చిపోతుంది కనుక ఆ మేరకు వెదురును పారవేయవలసి వచ్చేది. అయినా కొన్ని దశాబ్దాల పాటు బెంగాలు రేవులో ఓడ ఎక్కిన వెదురే అమెరికా ఏళ్ళలో ట్రౌట్‌ను పట్టింది.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో దాని స్థానాన్ని చైనా వెదురు ఆక్రమించింది. వ్యాపారులు దానికి 'టాంకిన్' అని పేరు పెట్టారు. నిజానికి అది వియత్నాం ఉత్తర భాగమైన టాంకిన్‌లో పెరిగేది కాదు. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఒక నదీ లోయ దాని పుట్టిల్లు. 1931లో ఆ జాతిని శాస్త్రీయంగా వర్ణించిన అమెరికన్ వృక్షశాస్త్రవేత్త మెక్‌క్లూర్ దానికి 'అమాబిలిస్' అని నామకరణం చేశాడు. లాటిన్ భాషలో ఆ మాటకు 'ప్రేమించదగినది' అని అర్థం. కణుపుల మధ్య ఎడం ఎక్కువ, పీచు దట్టం, కాండం నిటారు. గాలపు కర్రకు ఇంతకన్న ఏం కావాలి?

తాళం వేసిన గది

కర్రల తయారీ ఒక పరిశ్రమగా వృద్ధి పొందడానికి మూలపురుషుడు హైరమ్ లెనార్డ్. మెయిన్ రాష్ట్రం నుంచి 1881లో న్యూయార్కు రాష్ట్రంలోని సెంట్రల్ వ్యాలీకి తరలివచ్చి కర్మాగారం నడిపాడు. బద్దలను ముక్కోణంగా కోసే యంత్రం ఒకటి ఆయన రూపొందించాడు. ఆ యంత్రాన్ని తాళం వేసిన గదిలో ఉంచి, అయినవారికి తప్ప ఎవరికీ చూపేవారు కాదని ప్రసిద్ధి. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఎడ్వర్డ్ పేన్ వంటివారు వేరుపడి సొంత కర్మాగారాలు పెట్టారు. వారూ తమ కొలతలను గుట్టుగానే ఉంచుకున్నారు. సన్నబడే క్రమమే వారి మూలధనం. దానిని బయటపెట్టుకుంటే ఇక మిగిలేదేమిటి?

ఆ ప్రశ్నకు చరిత్ర చెప్పిన జవాబు విచిత్రమైనది. 1940ల చివర గాజు పీచుతో చేసిన కర్రలు బజారులోకి వచ్చాయి. చవక, తడికి చెడిపోవు, గంటల కొద్దీ చిత్రిక పట్టనక్కరలేదు. 1950 డిసెంబరులో, కొరియా యుద్ధ సమయంలో, చైనాతో వ్యాపారాన్ని అమెరికా ప్రభుత్వం పూర్తిగా నిషేధించింది. టాంకిన్ వెదురు రాక ఆగిపోయింది. 1971లో ఆ నిషేధం సడలేనాటికి చాలా కర్మాగారాలు వెదురు పనిని వదిలిపెట్టాయి, కొన్ని మూతపడ్డాయి. వెనువెంటనే కార్బన్ పీచు కర్రలు రంగప్రవేశం చేశాయి. వెదురు కర్ర కథ ఇక ముగిసిందని వ్యాపారులు తీర్మానించుకున్నారు.

అది ముగియకుండా చూసినవాడు వ్యాపారి కాదు, ఇంజనీరు. ఎవరెట్ గారిసన్ వృత్తిరీత్యా ఇంజనీరు. హడ్సన్ నది లోయలోని తన ఇంట్లోనే, దశాబ్దాల తరబడి, ఆరేడు వందల కర్రలు చేశాడు. వంతెన దూలం ఎంత బరువుకు ఎంత వంగుతుందో లెక్కగట్టినట్లే, కర్రలో ప్రతి అయిదు అంగుళాలకూ పడే ఒత్తిడిని లెక్కగట్టి, దానికి తగిన మందాన్ని నిర్ణయించాడు. అంతకంటె ముఖ్యమైన విషయం, తనకు తెలిసినదంతా దాచకుండా చెప్పాడు. సుప్రసిద్ధ సంగీతకర్త హోగీ కార్మైకేల్ కుమారుడు, అదే పేరుగల యువకుడు, ఆయన పక్కన ఉండి ప్రతి పనినీ చిత్రించి, రాసుకున్నాడు. 1975లో గారిసన్ మరణించాడు. 1977లో ఆ యువకుడు ఆ విద్య మొత్తాన్ని కొలతలతో సహా గ్రంథంగా వెలువరించాడు. పనిముట్లు ఎలా చేసుకోవాలో కూడా అందులో ఉంది.

ఆ పుస్తకం చదివి ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, వైద్యులు, తపాలా ఉద్యోగులు తమ ఇళ్ళ నేలమాళిగల్లో బల్లలు వేసుకున్నారు. వారిలో అధికులకు ఇది జీవనోపాధి కాదు. చేసిన కర్రను కొడుకుకో, మిత్రునికో, తనకు గాలం వేయడం నేర్పిన మనిషికో ఇవ్వడం కోసమే చేసేవారు. తాళం వేసిన గదిలోని విద్య గదితోనే పోయింది. పంచిపెట్టిన విద్య ఇంటింటా నిలిచింది.

చలికాలపు పని

లివింగ్‌స్టన్ మేనర్ అనే ఊరి పొలిమేరలో అటువంటి ఇల్లు ఒకటి నేను చూశాను. ఇంటి యజమాని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు. పాఠశాలలో వడ్రంగం నేర్పినవాడు. వయస్సు డెబ్బయి దాటింది. బయట మోకాలి లోతు మంచు. మెట్లు దిగి నేలమాళిగలోకి వెళితే కాగిన వెదురు వాసన. కమ్మగా, కాస్త మాడిన పంచదార పాకంలా ఉంటుంది ఆ వాసన.

గోడకు పన్నెండు అడుగుల వెదురు గడలు ఆనించి ఉన్నాయి. ఆయన ఒక గడను తీసి, కత్తి మొన నాటి, మెల్లగా మెలి తిప్పగానే అది పటపటమంటూ చీలింది. మన మేదరుల చేతిలో చూసిన ఒడుపే అది. కత్తి వెదురును కోయదు, పీచు వెంట దారి చూపుతుంది అంతే. తరవాత కణుపుల దగ్గర ఉబ్బును ఆకురాయితో అరగదీసి, వేడిచేసి, పట్టకారులో నొక్కి తిన్నగా చేశారు. ఆరు బద్దలలోని కణుపులు ఒకేచోట కలవకుండా వాటిని ముందు వెనుకలుగా అమర్చాలి. లేకపోతే కర్ర అక్కడే విరుగుతుంది.

అసలు పని చిత్రికది. రెండు ఉక్కు కడ్డీలను పక్కపక్కన బిగించి, వాటి నడుమ ముక్కోణపు గాడి చేసి ఉంటుంది. అయిదేసి అంగుళాలకు ఒక మర. ఆ మరలు తిప్పి గాడి లోతును కావలసినట్లు సవరించుకోవచ్చు. బద్దను గాడిలో ఉంచి, చిత్రిక ఉక్కును తాకే వరకు చెక్కాలి. పైతోలు వైపు మాత్రం చిత్రిక తగలరాదు, బలమంతా అక్కడే ఉంది కనుక. కొలత అంగుళంలో వెయ్యో వంతు వరకు సరిపోవాలి. మనిషి తల వెంట్రుక మందం దాదాపు మూడు వెయ్యో వంతులు. కొస దగ్గర ఒక్కొక్క బద్ద మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అటువంటివి ఆరు కలిస్తే అగ్గిపుల్లకన్నా సన్నని కొస.

చెక్కడానికి ముందో, మధ్యలోనో బద్దలను పొయ్యిలో కాల్చి తేమను వెళ్ళగొట్టాలి. తరవాత ఆరింటికీ జిగురు పూసి, దారంతో బిగించి చుట్టి, ఆరబెట్టాలి. కర్ర రెండు మూడు ముక్కలుగా ఉంటుంది. వాటిని కలిపే కీళ్ళు, మన ఇళ్ళలో జర్మన్ సిల్వర్ అని పిలుచుకునే లోహంతో చేస్తారు. రాగి, నికెలు, తుత్తునాగం కలిసిన మిశ్రమం అది. పేరులో తప్ప దానిలో వెండి లేదు. పిడికి కార్కు బిళ్ళలు. దారం సాగడానికి కర్ర పొడవునా చిన్న తీగ వలయాలు. ఆ వలయాలను పట్టుదారంతో చుట్టి కర్రకు కట్టి, ఆపైన పలచని వార్నీషు పూతలు వేస్తారు. అన్నీ కలిపి నలభై గంటలకు తక్కువ పట్టదు.

ఇంత శ్రమపడలేనివారు తయారైన కార్బన్ కర్రను కొని, పిడి, వలయాలు మాత్రం తామే అమర్చుకుంటారు. నాలుగైదు సాయంకాలాలలో ముగుస్తుంది. దానిని కూడా కానుకగా ఇచ్చేవారు అనేకమంది. అది చిన్నతనమేమీ కాదు. పిడి మలచడం, దారం రంగు ఎన్నుకోవడం అందులోనూ చేతి పనే.

అరచేతి కొలత

ఆ ఉపాధ్యాయుడు అప్పుడు చేస్తున్న కర్ర మనుమరాలి కోసం. బల్ల పైన ఒక కాగితం మీద పెన్సిలుతో గీసిన అరచేయి ఉంది. ఆమె చేతిని కాగితంపై పెట్టించి గీసినది. కార్కు పిడిని ఆ వేళ్ళ పొడవుకు తగినట్లు సన్నగా మలిచారు. ఆమె గాలం వేసే ఏరు ఇరుకైనది, పైన చెట్ల కొమ్మలు వాలి ఉంటాయి. అందుకని కర్ర ఏడడుగులే. పెద్ద నదికయితే ఎనిమిది అడుగులు కావాలి. గిలక బిగించే చోట చెక్క, ఆమె పుట్టిన ఇంటి పెరట్లో గాలికి పడిపోయిన ఆపిల్ చెట్టుది.

"దీనిని అమ్మితే ఎంత వస్తుంది?" అని అడిగాను. మన అలవాటు ప్రశ్న.

ఆయన నవ్వారు. "అడిగినవారున్నారు. అమ్మదలిస్తే గంటలు లెక్కపెట్టుకోవాలి. గంటలు లెక్కపెడితే త్వరపడాలి. ఎవరికోసమో తెలియని చేతికి పిడి ఎలా మలచను?" అన్నారు.

ఆ మాటలంటున్నప్పుడే ఆయన కుడిచేయి సన్నగా వణకడం గమనించాను. దానిని ఆయన దాచుకోలేదు. బద్దలు చెక్కడం తనకు ఇదే చివరి చలికాలమనీ, కొస బద్దలు ఇప్పటికే తన చేతికి లొంగడం లేదనీ చెప్పారు. ఆ ఊరి ఆస్పత్రిలో పనిచేసే ఒక యువ నర్సు వారానికి రెండు రాత్రులు వచ్చి, ఆయన పర్యవేక్షణలో కొసలు చెక్కుతున్నదట. ఆమె తన తండ్రికి ఒక కర్ర చేసి ఇవ్వాలనుకుంటున్నది. వసంతంలో ఉక్కు గాడిని, చిత్రికలను ఆమె ఇంటికి పంపివేయాలని ఆయన నిశ్చయించుకున్నారు.

"మనుమరాలికి ఇవ్వరాదా?" అన్నాను.

"ఆమెకు ఏరు ఇష్టం, బల్ల కాదు. కర్ర ఆమెకు, పనిముట్లు ఈమెకు. ఎవరికి ఏది కావాలో చూసి ఇవ్వాలి కదా" అన్నారు.

ప్రతి కర్రకూ కొసలు రెండు చేయడం ఈ విద్యలో పాత ఆచారం. కొస సన్నం కనుక ఏదో ఒకనాడు విరుగుతుంది. రెండవది ఉంటే వేట ఆగదు. విరుగుతుందని తెలిసే, దానికి ముందుగానే మారు చేసి, రెంటినీ ఒకే గుడ్డ సంచిలో పెట్టి ఇస్తారు. పిడికి పైన, వార్నీషు కింద, నల్ల సిరాతో చేసినవారి పేరు, పొడవు, సంవత్సరం, ఎవరికోసం చేశారో ఆ పేరు రాస్తారు. ఆ ఉపాధ్యాయుని చేయి వణకుతున్నందువల్ల ఆ అక్షరాలు నర్సు చేత రాయిస్తారా అని నాకు సందేహం కలిగింది. అడగలేదు. ఆయనే చెప్పారు, అది మాత్రం తానే రాస్తానని.

అడిగినవారికి అడిగినంత

లివింగ్‌స్టన్ మేనర్‌కు, రాస్కోకు నడుమ, విల్లోవీమాక్ ఏటి గట్టున ఈ విద్యకు సంబంధించిన ఒక మ్యూజియం ఉంది. లెనార్డ్, పేన్ వంటివారి కర్రలు అక్కడ అద్దాల వెనుక ఉన్నాయి. ఇళ్ళలో కర్రలు చేసేవారు అక్కడ సమావేశాలు జరుపుకుంటారు. తాము చేసిన కర్రలను గడ్డి మీద వరుసగా పేర్చి, ఎవరిది ఎవరైనా తీసుకొని విసిరి చూస్తారు. నచ్చిన కర్ర కొలతలు అడిగితే, చేసినవారు కాగితం ముక్కపై రాసి ఇస్తారు. ఒకప్పుడు తాళం వేసి కాపాడిన రహస్యం అదే.

వెదురు కర్రే శ్రేష్ఠమని వారెవరూ వాదించరు. కార్బన్ కర్ర తేలిక, చవక, దూరం విసరగలదు. చేపకు రెండూ ఒకటే. పైగా ఈ ఏళ్ళలో పట్టిన చేపను గాయపరచకుండా తిరిగి నీటిలో వదిలివేయాలనే నియమం 1960ల నుంచి కొన్ని భాగాలలో అమలులో ఉంది. అంటే నలభై గంటలు శ్రమించి చేసిన కర్రతో పట్టిన చేప కూడా ఇంటికి రాదు. ఇంటి నుంచి బయటికి వెళ్ళేది కర్ర ఒక్కటే, అది కూడా మరొకరి చేతికి.

ట్రౌట్ చేప మనకు పరాయిది కాదు. బ్రిటిషు పాలనా కాలంలో తెచ్చిన గుడ్ల సంతతి కాశ్మీరు నదులలో, కులూ లోయలో, నీలగిరుల చల్లని నీళ్ళలో పెరుగుతున్నది. వెదురు సంగతి చెప్పనే అక్కరలేదు. తూర్పు కనుమల నుంచి అస్సాం దాకా మన అడవులలో అది విస్తారంగా ఉంది. దానిని పీచు వెంట చీల్చగల ఒడుపు మన మేదరి కుటుంబాలలో తరతరాలుగా ఉంది. చేటలకు, తట్టలకు బదులు ప్లాస్టిక్ వచ్చి ఆ ఇళ్ళలో కత్తులు మూలపడుతున్న ఈ రోజులలో, ఏ బద్ద ఎంత మందమో, ఏ కాలంలో నరికిన వెదురుకు పురుగు పట్టదో, ఆ పెద్దల పక్కన కూర్చుని కాగితంపై రాసుకునేవారు ఎందరున్నారు? అమెరికాలో ఒక పెద్దమనిషి బ్రతికుండగానే ఒక యువకుడు ఆ పని చేయడం వల్ల, వర్తకులు వదిలేసిన విద్య నేలమాళిగల్లో నిలబడింది. ఆ పనికి వారికి కావలసి వచ్చినవి ఒక కెమెరా, ఒక పుస్తకం, కొన్ని సంవత్సరాల ఓపిక.